ఊరి వెబ్‌సైటు స్థానిక పత్రికకు పోటీయా, తోడా?

మా పాఠకులుండే చాలా ఊళ్లలో ఇప్పుడు ఒక సంగతి మామూలైపోయింది. కంప్యూటరు తెలిసిన ఇద్దరు ముగ్గురు యువకులు కలిసి ఊరి పేరుతో ఒక వెబ్‌సైటు మొదలుపెడతారు. మంచినీళ్లు ఏ వీధికి ఎప్పుడు వస్తాయి, ఏ బస్సు రద్దయింది, ఎవరు కన్నుమూశారు, సమాధి కార్యక్రమం ఎన్ని గంటలకు, బడిలో ఏం జరిగింది అన్నవి అందులో వస్తుంటాయి. అదే ఊరికి ఒక దినపత్రిక విలేకరి కూడా ఉంటాడు. ఆయనకు ఈ సైటు అంటే చిరాకు, తన వార్త తెల్లవారేసరికి పాతబడిపోతోందని. సైటు నడిపే కుర్రవాళ్లకు ఆయనంటే అనుమానం, తమ ఫొటో తీసుకుని పేరు లేకుండా అచ్చు వేయించుకుంటాడని. ఇద్దరూ ఆదివారం ఒకే మందిరంలో కూర్చుంటున్నా ఆ మాట ఎత్తుకోరు.

ఈ వారం ఈ విషయం రాయడానికి కారణం ఉంది. ఊరి వార్తను చిన్న వార్త అని తీసిపారేయడానికి లేదు. కుళాయి నీళ్లు రంగు మారాయని ఎవరో ఒకరు రాయకపోతే అధికారి కదలడు. అంగన్‌వాడీ గోడ బీటలు వారిందని రాయకపోతే అది కూలాక పెద్ద వార్త అవుతుంది. ఈ బరువును పత్రిక ఒక్కటే మోయలేని రోజులు వచ్చాయి. వెబ్‌సైటు ఒక్కటే మోయగలదని కూడా మేము అనుకోవడం లేదు. ఇద్దరూ కలిసి మోయడం ఎలా అన్నదే ప్రశ్న. దీనికి కొన్నిచోట్ల జవాబు దొరికింది కూడా.

ముందు మన సంగతి చూద్దాం. తెలుగు దినపత్రికలు పెరిగిందే ఊరి వార్తల మీద. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. 1989లో ఆ పత్రిక జిల్లాకొక అనుబంధం తెచ్చింది, మిగిలిన పత్రికలు ఆ బాట పట్టాయి. మండలానికో విలేకరి వచ్చాడు. తన ఊరి పేరు, తన పక్కింటివాడి ఫొటో పేపర్లో చూసుకోవడం రైతుకు, చిన్న వ్యాపారికి అదే మొదటిసారి. రాష్ట్రమంతటా వెళ్లే పేజీలో ప్రకటన ఇవ్వలేని బట్టల కొట్టు యజమాని జిల్లా పేజీలో ఇవ్వగలిగాడు. భారతీయ భాషల పత్రికల మీద పరిశోధన చేసిన రాబిన్ జెఫ్రీ 2000లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతికి పెద్ద చోటిచ్చారు.

అయితే ఈ ఏర్పాటు మొదటినుంచీ మండల విలేకరి వీపు మీదే నిలబడింది. వారిలో ఎక్కువమందికి జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి డబ్బిస్తారు, దానికి లైన్ అకౌంట్ అని పేరు. దానితో ఇల్లు గడవదు, కాబట్టి ఇంకో పని చేసుకుంటూ వార్తలు పంపుతాడు. ప్రకటనలు కూడా తెమ్మంటారు. మండలంలో ఇరవై గ్రామాలుంటే ఆయన కాళ్లు నాలుగైదు చోట్లకే వెళ్తాయి. పంపినదానిలో చోటు చాలక పడిపోయేది ఎంతో. 2020 లాక్‌డౌన్ కాలంలో పత్రికలు పేజీలు తగ్గించుకున్నప్పుడు ముందుగా కోత పడింది ఈ ఊరి వార్తల మీదే.

ఆ ఖాళీ ఖాళీగా ఉండిపోలేదు, వాట్సాప్ వచ్చి కూర్చుంది. దానివల్ల ఏం జరగగలదో 2018లోనే చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు నమ్మి ఆ ఏడాది మే నెలలో తెలుగు రాష్ట్రాల్లో పలుచోట్ల కొత్తగా కనబడినవారిని పట్టుకుని కొట్టారు. ప్రాణాలు పోయాయి. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు తన పోలీసులను గ్రామాలకు పంపి, అది అబద్ధమని ఇంటింటా చెప్పించారు, జానపద కళాకారుల చేత పాటల్లో చెప్పించారు. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుగురికి లేదా ఐదు గ్రూపులకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. పోలీసులు ఊరూరా తిరిగి చెప్పవలసి వచ్చిందంటే, ఊరివాళ్లు నమ్మి చూసుకునే చోటు ఒకటి అప్పటికి లేదన్నమాట. సందేశం వచ్చిన గంటలో ఊరి సైటు వారు ఆ వీధిలోకి వెళ్లి చూడగలరు. పత్రిక విలేకరి స్టేషనుకు ఫోను చేసి అడగగలడు. ఇద్దరూ ఒకే మాట రాస్తే ఆ మాటకు ఉండే బలం వేరు.

ఇది అమెరికాలో ఒక నగరం చేసి చూపించింది. మా పాఠకుల పిల్లలు ఎందరో ఉద్యోగాలకు వెళ్లిన సియాటిల్ అది. అక్కడ రెండు పెద్ద దినపత్రికలు ఉండేవి. 1863 నుంచి నడిచిన సియాటిల్ పోస్ట్-ఇంటెలిజెన్సర్ 2009 మార్చి 17న చివరి అచ్చు సంచిక వేసి ఇంటర్నెట్‌కే పరిమితమైంది. మిగిలిన సియాటిల్ టైమ్స్ కూడా ఖర్చులు తగ్గించుకుంటున్న స్థితి. అప్పటికే ఆ నగరంలో పేటపేటకూ ఒక వెబ్‌సైటు పుట్టింది.

వాటిలో వెస్ట్ సియాటిల్ బ్లాగ్ సంగతి చెప్పుకోదగ్గది. టెలివిజన్ వార్తారంగంలో పనిచేసిన ట్రేసీ రికార్డ్, ఆమె భర్త ప్యాట్రిక్ శాండ్ 2005 చివర్లో సరదాగా మొదలుపెట్టారు. మరుసటి ఏడాది డిసెంబరులో పెద్ద గాలివాన వచ్చింది. ఆ రాష్ట్రంలో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల రోజుల తరబడి రాలేదు. ఏ వీధికి కరెంటు వచ్చింది, ఏ కొట్టు తెరిచి ఉంది, ఏ దారిలో చెట్టు పడింది అని జనం ఆ సైటులో అడగడం మొదలుపెట్టారు. తెలిసినవారు జవాబు రాశారు. పెద్ద పత్రికకూ టీవీకీ నగరమంతా ఒకే తుపాను, ఇక్కడ మాత్రం వీధికో వార్త. సరదాగా మొదలైనది అక్కడినుంచి వారికి పూర్తికాలపు పని అయింది. 2020 మార్చిలో ఆ ప్రాంతాన్ని నగరంతో కలిపే పెద్ద వంతెన బీటలు వారి మూతపడి, రెండున్నరేళ్ల తర్వాత 2022 సెప్టెంబరులో తెరుచుకున్నప్పుడు కూడా అక్కడివారికి ఆ సైటే రోజువారీ కబురు.

2009లో సియాటిల్ టైమ్స్ ఇలాంటి పేట సైట్లతో చేయి కలిపింది. వాషింగ్టన్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో ఉన్న జె-ల్యాబ్ అనే సంస్థ దీనికి పూనుకుంది, నైట్ ఫౌండేషన్ డబ్బు ఇచ్చింది. మయామీ, షార్లట్ నగరాల పత్రికలు కూడా అదే ప్రయోగంలో ఉన్నాయి. ఒప్పందం ఏమిటో వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. పేట సైటులో వచ్చిన వార్తను పత్రిక ఎత్తి తన పేజీలో వేసుకోలేదు. తన వెబ్‌సైటులో ఆ వార్త శీర్షిక పెట్టి, నొక్కితే నేరుగా ఆ పేట సైటుకే వెళ్లేలా లింకు ఇచ్చింది. చదివేవాడు ఎవరి ఇంటి వంట తింటున్నాడో వాడికి తెలుస్తుంది. సైటు వారు పత్రికకు ఉద్యోగులు కారు, పత్రిక మీద విమర్శ రాసే స్వేచ్ఛ కూడా వారికి ఉంది. ఫొటో కావాలంటే పత్రిక అడిగి, పేరు వేసి వాడుకుంటుంది. సైటు వారు మాట్లాడటానికి పత్రికలో ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టారు. కొద్ది సైట్లతో మొదలైన జాబితా త్వరలోనే పదుల్లోకి వెళ్లింది. 2010లో ఇల్లు లేని కుటుంబాల గురించి పత్రిక పెద్ద పరిశోధన వేసినప్పుడు, కొన్ని పేట సైట్లు తమ తమ వీధుల్లో అదే విషయం మీద రాశాయి.

లింకు ఇస్తే మన పాఠకుడు పక్కింటికి వెళ్లిపోతాడు కదా అని పత్రిక యజమానులు భయపడతారు. వెళ్తాడు, నిజమే. కానీ తన వీధి వార్త ఎక్కడ దొరుకుతుందో చూపించిన పత్రిక దగ్గరకే మరునాడు మళ్లీ వస్తాడు. దారి చెప్పిన బంకు దగ్గరే సోడా తాగుతాం కదా.

పత్రిక తానే ఊరి సైటు పెట్టేసుకుంటే సరిపోదా? ఆ ముచ్చటా తీరింది. వాషింగ్టన్ పోస్ట్ తన పక్కనున్న లౌడన్ కౌంటీ కోసం 2007 జూలైలో లౌడన్ ఎక్స్‌ట్రా అని చక్కటి సైటు తెరిచింది, రెండేళ్లు తిరిగేసరికి 2009 ఆగస్టులో మూసింది. ఏఓఎల్ సంస్థ 2009లో ప్యాచ్ అనే సంస్థను కొని, సుమారు తొమ్మిది వందల ఊళ్లకు తొమ్మిది వందల సైట్లు పెట్టింది. 2014 జనవరిలో దాన్ని వేరేవారి చేతికి అప్పగించింది, వందలమంది ఉద్యోగాలు పోయాయి. డబ్బూ సాంకేతికతా ఉన్న ఈ సంస్థలకు లేనిది ఒకటే. నడిపేవాడు ఆ వీధివాడు కాదు. గుడి దగ్గర, చర్చి దగ్గర, చేపల బజారులో ఎదురుపడి ‘నిన్న రాసింది తప్పు’ అని నిలదీసేవాళ్లు వాడికి లేరు.

బ్రిటన్‌లో ఇంకో దారి తీశారు. అక్కడ స్థానిక పత్రికల్లో మున్సిపల్ సమావేశాలకు వెళ్లే విలేకరులు కరవయ్యారు. 2018 నుంచి బీబీసీ తన డబ్బుతో దాదాపు 150 మంది విలేకరులను స్థానిక వార్తాసంస్థల్లో పెట్టించింది. కౌన్సిల్ సమావేశాల్లో కూర్చుని రాయడమే వారి పని. వారు రాసింది పెద్ద పత్రికకే కాదు, నియమాలకు ఒప్పుకున్న చిన్న స్థానిక వెబ్‌సైట్లకు కూడా అందుతుంది. మన మున్సిపల్ కౌన్సిల్ సమావేశాల్లో బడ్జెట్ ఎంత వేగంగా ఆమోదం పొందుతుందో చూసినవారికి ఈ ఏర్పాటు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ పెద్ద దేశాల కథలు అనుకోవద్దు. తెలుగులో కూడా సముదాయం కట్టిన వెబ్‌సైటు ఒకటి 2003 డిసెంబరు నుంచి ఉంది, అదే తెలుగు వికీపీడియా. జీతం లేని కార్యకర్తలు రెండు రాష్ట్రాల వేలాది గ్రామాలకు పేజీలు రాశారు. ఊరి జనాభా, బడులు, దగ్గరి ఆసుపత్రి, సాగునీటి వనరులు వాటిలో దొరుకుతాయి. పేరు చెప్పి, అదే షరతు మీద ఎవరైనా వాడుకోవచ్చని లైసెన్సు కూడా ఉంది. ఒక ఊరిలో వరద వచ్చినప్పుడు ఆ ఊరి వివరాలకు డెస్కులో కూర్చున్న ఉపసంపాదకుడు ముందు చూసేది చాలాసార్లు అదే. కృతజ్ఞతగా ఒక పంక్తి వేయడానికి ఒక సెంటీమీటరు కూడా పట్టదు. ఆ పంక్తి చూసి తన ఊరి పేజీని సరిదిద్దడానికి ఒక్క ఉపాధ్యాయుడు ముందుకొచ్చినా, రేపు పత్రికకే మంచి సమాచారం దొరుకుతుంది.

తెలుగుకే ప్రత్యేకమైన ఇంకో చిక్కు ఉంది. మన పత్రికల పేజీలు ఏళ్ల తరబడి అను వంటి పాత పద్ధతి ఫాంట్లతో డీటీపీ అయ్యాయి. మా వారపత్రిక పాత సంచికలూ అంతే. ఆ అక్షరాలు కాగితం మీద అందంగా ఉంటాయి గాని, గూగుల్‌కు అవి తెలుగని తెలియదు. ఈ-పేపర్‌లో జిల్లా పేజీ చాలాచోట్ల ఒక బొమ్మలా ఉంటుంది. మూడు నెలల క్రితం మీ ఊరి చెరువు గురించి వచ్చిన వార్త వెతకండి, దొరకదు. ఊరి సైటు వాళ్లు మొదటినుంచీ యూనికోడ్‌లో రాస్తారు కాబట్టి వాళ్ల పాత వార్త పేరు కొడితే వస్తుంది. పత్రిక తన ఊరి వార్తలను యూనికోడ్‌లోకి మార్చి సైటుకు ఇస్తే, అందులో తారీఖు, పత్రిక పేరు ఉంటే, ఆ ఊరికి చరిత్ర మిగులుతుంది. పంచాయతీ ఎన్నికల ముందు అభ్యర్థి ఐదేళ్ల క్రితం ఏం చెప్పాడో చూసుకునే వీలుంటుంది. డబ్బు పెద్దగా ఖర్చు కాని ఈ ఒక్క పని ఎందుకు జరగడం లేదో మాకు అర్థం కాదు.

పత్రిక నుంచి సైటుకు అందవలసిన అన్నిటికన్నా విలువైనది చట్టం గురించిన జాగ్రత్త. లైంగిక నేరానికి గురైన పిల్లల పేరు, ఫొటో, ఇల్లు, బడి ఏదీ బయటపెట్టకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. పెద్దల విషయంలో భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ఉంది. ఉత్సాహంతో ‘ఫలానా వీధిలో ఫలానావారి అమ్మాయి’ అని రాసేసే కుర్రవాడికి ఇది తెలియదు, ఆ కుటుంబానికి మాత్రం జీవితాంతం మచ్చ పడుతుంది. పరువునష్టం కేసు పత్రికకు పడితే లాయరు ఉంటాడు, సైటు వాడికి పడితే తండ్రి పొలం అమ్ముకోవాలి. డెస్కులో ఇరవై ఏళ్లు పనిచేసినవారు నెలకొక శనివారం ఈ యువకులను కూర్చోబెట్టి, నిందితుడికీ నేరస్థుడికీ తేడా ఏమిటో, రెండో పక్షం మాట ఎందుకు అడగాలో చెబితే చాలు. ప్రెస్ కార్డు లేనివాళ్లకు మేమెందుకు నేర్పాలి అని కొందరు విలేకరులు అంటారు. ఆ కుర్రవాళ్లు ఎలాగూ రాస్తారు. ఎలా రాస్తారన్నదే మనం మార్చగలిగేది.

డబ్బు మాట తప్పించుకోలేం. కొత్తగా తెరిచిన మెస్సుకు పత్రిక ప్రకటన రేటు భారం, సైటు ఒక్కటే అయితే నమ్మకం చాలదు. రెండింటినీ కలిపి ఒక చిన్న రేటుకు అమ్మి, వాటా ముందే కాగితం మీద రాసుకుంటే ఇద్దరికీ మిగులుతుంది. నోటిమాట ఒప్పందాలు పండగ ప్రకటనల దాకా కూడా నిలవవు. అయితే వార్త రాసే చేతే ప్రకటన అడిగే అలవాటు మాత్రం సైటుకు అంటించవద్దు. మండల విలేకరి నలిగిపోయింది దానివల్లే.

ప్రతి సైటుతోనూ చేయి కలపమని మేము చెప్పడం లేదు. ఊరి పేరు పెట్టుకుని ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీలు మాత్రమే వేసేవి ఉన్నాయి. ఒక కులాన్నో మతాన్నో రెచ్చగొట్టేవి ఉన్నాయి. నడిపేవారి పేరు, ఫోను నంబరు సైటులో కనబడుతున్నాయా, తప్పు వస్తే చెరిపేసి ఊరుకుంటారా లేక సవరించామని రాస్తారా, ఖర్చు ఎవరు పెడుతున్నారు అని పత్రిక అడగాలి. అదే ప్రశ్నలు పత్రికను అడిగే హక్కు సైటు వారికీ ఉంది.

ఇక మా పాఠకుల వంతు. సంఘాలకు ఇప్పుడు సొంత పేజీలు, గ్రూపులు ఉన్నాయి. వాటిలో వచ్చేదాంట్లో ఊరందరికీ పనికొచ్చేది కొంత ఉంటుంది. ఉచిత కంటి శిబిరం, రక్తం కావలసిన రోగి, వరదలో మందిరం తెరిచి పడక ఇచ్చిన సంగతి, కుట్టు శిక్షణ. అది మీ గ్రూపులోనే ఉండిపోతే మీ సంఘస్థులకే తెలుస్తుంది. ఊరి సైటుకూ పత్రిక విలేకరికీ ఒకేసారి పంపండి. మాకు వచ్చే నివేదికల్లో వేదిక మీద కూర్చున్న ఇరవై మంది పేర్లు బిరుదులతో సహా ఉంటాయి, కార్యక్రమం ఏ రోజు జరిగిందో ఉండదు! విలేకరికి కావలసింది తారీఖు, సమయం, చోటు, ఎవరు రావచ్చు, అడగడానికి ఒక ఫోను నంబరు, వెలుతురులో తీసిన ఒక ఫొటో. ఫొటోలో పిల్లలు ఉంటే తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోండి.

సైటు నడిపే యువకులు మీ సంఘంలోనే ఉంటే, విలేకరిని పిలిచి ఒక సాయంత్రం టీ ఇవ్వండి. మొదటి ఒప్పందం పెద్దది కానక్కరలేదు. మరణ వార్తలు, నీళ్లు వచ్చే వేళలు ఈ రెండింటితో మొదలుపెట్టమనండి. ఈ రెండింటిలోనూ ఎవరికీ పోటీ లేదు, తప్పు వస్తే అరగంటలో ఊరే చెప్పేస్తుంది.